ఊపిరి సవ్వడి విన్న వైద్యుడు

వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకొని, గట్టిగా ఊపిరి పీల్చి దానిని తెంచేవాడు. ఛాతీ లోపల ఊపిరితిత్తులు ఎట్లా పనిచేస్తున్నాయో బయటినుండే తెలుసుకొనే మార్గాన్ని లోకానికి చూపినవాడు మాత్రం అంతటి బలశాలి కాదు. సన్నని, దుర్బలమైన దేహం గల ఫ్రెంచి వైద్యుడు. ఆయనే రెనె లెన్నెక్.

లెన్నెక్ 1781 ఫిబ్రవరి 17న ఫ్రాన్సులోని కెంపేర్ పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లి మరణించడంతో, నాంత్ నగరంలో వైద్యుడైన తండ్రి సోదరుని ఇంట పెరిగాడు. 1801లో పారిస్ చేరి, ప్రసిద్ధ వైద్యుడు కోర్విసార్‌కు శిష్యుడయ్యాడు. ఛాతీపై వేళ్లతో తట్టి, ధ్వనిని బట్టి లోపల గాలి ఉన్నదో నీరు చేరినదో గ్రహించే పద్ధతి ఆ గురువు వద్ద అలవడింది. కుండను తట్టి చూసే ప్రతి గృహిణికీ తెలిసిన సూత్రమే అది.

1816లో ఆయన నెకెర్ ఆసుపత్రిలో పనిచేస్తుండగా హృద్రోగంతో బాధపడుతున్న ఒక యువతి వచ్చింది. ఆమె స్థూలకాయం వల్ల తట్టి చూసినా ఫలితం లేకపోయింది. పరస్త్రీ ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదు. దుంగకు ఒక కొనన సూదితో గీస్తే రెండవ కొనన స్పష్టంగా వినిపించడం ఆయనకు స్ఫురించింది. వెంటనే కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొనను ఆమె ఛాతీపై ఉంచి, మరొక కొనకు చెవి ఆనించాడు. గుండె చప్పుడు మునుపెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. వేణువు వాయించడమే కాక కొయ్యపని కూడ తెలిసిన లెన్నెక్, సుమారు 30 సెంటీమీటర్ల కొయ్య గొట్టాన్ని స్వయంగా తయారుచేశాడు. గ్రీకు పదాలతో దానికి స్టెతస్కోపు అని పేరు పెట్టాడు.

అసలు సాధన ఆ తరువాతనే మొదలైంది. శబ్దం వినిపిస్తే చాలదు, దాని అర్థం తెలియాలి. రోగి బ్రతికి ఉండగా విన్న ధ్వనులను లెన్నెక్ వ్రాసిపెట్టుకొనేవాడు. రోగి మరణిస్తే శవపరీక్షలో ఊపిరితిత్తుల స్థితిని వాటితో పోల్చి చూసేవాడు. ఆరోగ్యవంతుని ఊపిరి మెత్తని గాలి సవ్వడి వంటిది. న్యుమోనియా ఆరంభంలో, వేడి పెనంమీద ఉప్పు చిటపటలాడినట్లు వినిపిస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే రోగి మాట మేక అరుపులా వణుకుతుంది. క్షయవల్ల గుహవంటి రంధ్రం ఏర్పడిన చోట, మాట నేరుగా ఛాతీలోనుండే వస్తున్నట్లు తోస్తుంది. కొన్నిచోట్ల ఏ శబ్దమూ ఉండదు. ఆ నిశ్శబ్దం కూడ రోగలక్షణమే. ఈ పరిశీలనలన్నిటినీ 1819లో గ్రంథంగా ప్రకటించాడు.

1923లో విశాఖపట్నంలోను, 2008లో శ్రీకాకుళంలోను, 2023లో విజయనగరంలోను వెలసిన వైద్య కళాశాలలలో విద్యార్థులు నేర్చే ఛాతీ పరీక్షకు పునాది ఆ గ్రంథమే.

క్షయ ధ్వనులను అంతగా ఎరిగిన లెన్నెక్‌ను చివరకు దగ్గు, జ్వరం పట్టుకొన్నాయి. 1826లో గ్రంథం రెండవ ముద్రణను పూర్తిచేసి, స్వస్థలమైన బ్రిటనీకి చేరుకొన్నాడు. బంధువైన యువవైద్యుడు మెరియదెక్ చేత తన ఛాతీని స్టెతస్కోపుతో పరీక్షింపజేసుకొని, వినిపించిన ధ్వనులను చెప్పించుకొన్నాడు. అవి తాను గ్రంథంలో వర్ణించిన క్షయ ధ్వనులే. 1826 ఆగస్టు 13న, తన 45వ ఏట, ఆయన కన్నుమూశాడు. స్టెతస్కోపును మెరియదెక్‌కే ఇస్తూ అప్పటికే వీలునామా వ్రాసి ఉంచాడు.