ఫ్రాంక్ హార్న్‌బీ గారి జీవితము

మన పల్లెలలో జొన్నబెండ్లతో ఎడ్లబండి కట్టని బాలుడు పూర్వము అరుదు. బెండ్లను పుల్లలతో గ్రుచ్చి, తాటిబుర్రలను చక్రములుగా తగిలించి, త్రాడు కట్టి వీధి పొడుగునను ఈడ్చుకొని పోవునప్పుడు కలిగిన సంతోషము పెద్దలలో అనేకులకు జ్ఞాపక ముండకపోదు. అయినను ఆ పెద్దలే, పుస్తకము ప్రక్కన బెట్టి బండి కట్టుచున్న కుమారుని చూచినప్పుడు, కాలము వ్యర్థపుచ్చుచున్నాడని కోపింతురు. ఆ కోపము ఎల్లప్పుడును న్యాయమగునా యని మాకు పలుమారు సందేహము కలిగినది. అందుచే బొమ్మలు చేయుటనే తన జీవితకార్యముగా జేసికొని, లోకమందలి బాలురకు యంత్రవిద్యను ఆటగా నేర్పిన ఒక మహాశయుని చరిత్రమును సంగ్రహముగా ఇందు వ్రాయుచున్నాము.

ఫ్రాంక్ హార్న్‌బీ ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ నగరమందు 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీని జన్మించెను. ఆ పట్టణము మెర్సీ నదీముఖమున నున్న గొప్ప ఓడరేవు. అమెరికానుండి వచ్చు ప్రత్తియు ధాన్యమును అచ్చట దిగుచుండెను. ఓడలనుండి సరకుల నెత్తు క్రేనులును, వానిని దేశములోనికి గొనిపోవు రైళ్ళును ఆ పట్టణపు బాలురకు నిత్యము కన్నుల యెదుట నుండెడివి. తండ్రి జాన్ గారు భోజనపదార్థముల వర్తకుడు. ఫ్రాంక్ తన 16వ యేట బడి మాని తండ్రి అంగడిలో సొమ్ము లెక్కలు చూచు పనిలో ప్రవేశించెను. యంత్రశాస్త్రమును ఏ కళాశాలయందును చదువలేదు. బీదస్థితినుండి స్వయంకృషిచే పైకి వచ్చిన శిల్పుల చరిత్రములను శామ్యూల్ స్మైల్స్ గారి గ్రంథమున చదివి, తానును ఏదైన నొకదానిని కనిపెట్టవలె నను కోరిక మాత్రము మనస్సున నిలుపుకొనెను. 1887లో క్లారా గోడ్‌ఫ్రాయ్ అను ఉపాధ్యాయురాలిని వివాహమాడెను. వారికి రోలండ్, డగ్లస్ అను ఇద్దరు కుమారులును, ఒక కుమార్తెయు కలిగిరి.

1899లో తండ్రి గతించెను. అంగడి మూతపడెను. 36 ఏండ్ల వయస్సున ఇతడు పరుల కొలువు వెదకికొనవలసి వచ్చి, మాంసమును దిగుమతి చేసికొను ఎలియట్ అను వర్తకునియొద్ద లెక్కలు వ్రాయు గుమాస్తాగా చేరెను. పగలెల్ల అంకెలతో గడిపి, సాయంకాలము ఇంటికి వచ్చిన పిమ్మట తన చిన్న పనిగదిలో కూర్చుండి, కొద్దిపాటి పనిముట్లతో కుమారులకు బొమ్మలు చేసి యిచ్చుచుండెను. పిల్లలకు క్రేను కావలసినప్పుడు రేకును కత్తిరించి క్రేనును చేసెను. వంతెన కావలసినప్పుడు మరల రేకును కత్తిరింపవలసి వచ్చెను. ఒక బొమ్మకై సిద్ధపరచిన ముక్క మరియొక బొమ్మకు పనికి రాకుండెను. ఎన్నో రాత్రుల శ్రమ ఒక్క బొమ్మతోనే తీరిపోవుచుండెను.

ఈ చిక్కునుండియే హార్న్‌బీ కనిపెట్టిన గొప్ప విషయము పుట్టినది. ముక్కలన్నియు ఒకే వెడల్పు గలవై, వానియందలి రంధ్రములు ఒకదానికొకటి సమాన దూరమున నున్నయెడల, ఏ ముక్కనైనను ఏ ముక్కతోనైనను కలుపవచ్చునని అతనికి తోచెను. అర అంగుళము వెడల్పు గల లోహపు బద్దలను కోసి, ప్రతి అర అంగుళమునకు ఒక రంధ్రము చొప్పున పొడిచెను. రెండు రంధ్రములను కలిపి బోల్టు దూర్చి నట్టు బిగించిన బద్దలు నిలిచెను. అదే రంధ్రమున కడ్డీని దూర్చిన అది ఇరుసై తిరిగెను. ఆట ముగిసిన పిమ్మట బోల్టులు విప్పిన ముక్కలు మరల ముక్కలుగానే మిగిలెను. నేటి క్రేను రేపు వంతెన, ఎల్లుండి బండి కావచ్చును. వినుటకు ఇది మిక్కిలి సులభముగా నున్నది. అయినను అంతకుముందు బాలుర ఆటవస్తువులలో ఇంత చక్కగా ఈ సూత్రమును నిర్వహించినవారు లేరు.

1901 జనవరిలో ఈ ఉపాయమునకు పేటెంటు కోరుటకై అతనియొద్ద ధనము లేకపోయెను. యజమాని యగు ఎలియట్ గారు 5 పౌనులు అప్పిచ్చి, తమ కార్యాలయము ప్రక్కనున్న ఖాళీ గదిని కూడ వాడుకొన నిచ్చిరి. ఇద్దరును భాగస్వాములైరి. 1902లో పదునారు విధముల భాగములతో మెకానిక్స్ మేడ్ ఈజీ అను పేరున తొలి పెట్టెలు అమ్మకమునకు వచ్చెను. ఆ భాగములు నునుపు లేక మోటుగా నుండుటచే వర్తకులు ఆదరింపరైరి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రాచార్యులైన హెలీ షా గారు మాత్రము దీనిలోని విద్యాప్రయోజనమును గుర్తించి ప్రశంసాపత్రము నిచ్చిరి. మొదటి కొన్ని యేండ్లు లాభమనునది కానరాలేదు. పగలు గుమాస్తా పని, రాత్రి బొమ్మల పని, ఇంట ముగ్గురు పిల్లలు. ఇట్టి స్థితిలో ఎందరో విసిగి మానియుందురు. ఇతడు మానక, భాగములకు మెరుగు పెట్టుచు, క్రొత్త భాగములను చేర్చుచు వచ్చెను.

1907లో అతడు ఒక సాహసము చేసెను. నెల జీతము వచ్చు ఉద్యోగమును వదలి, బొమ్మల పరిశ్రమనే నమ్ముకొనెను. ఆ సంవత్సరమే మెకానో అను పేరును రిజిష్టరు చేయించెను. 1908 మే నెలలో మెకానో కంపెనీ స్థాపితమయ్యెను. ఎలియట్ గారు అందు చేరకుండిరి. భారమంతయు హార్న్‌బీ మీదనే పడెను. అప్పటికి అతనికి 45 ఏండ్లు. ఆ భారమును మోసి, 1914 నాటికి లివర్‌పూల్ నందే బిన్స్ రోడ్డులో గొప్ప కార్ఖానాను నెలకొల్పెను. 1916లో మెకానో మేగజైన్ అను పత్రికయు, 1919లో మెకానో గిల్డ్ అను బాలుర సంఘమును బయలుదేరెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు బొమ్మ రైళ్ళకు జర్మనీ దేశము ప్రసిద్ధి. యుద్ధానంతరము 1920లో హార్న్‌బీ పేరుతోనే, కీలు త్రిప్పిన నడచు బొమ్మ రైళ్ళు వెలువడెను.

ఇక మోటారు కారుల విషయము. హార్న్‌బీ బాల్యమున వీధులలో గుఱ్ఱపు బండ్లు తప్ప కారులు లేవు. అతని వార్ధకము నాటికి అవి వీధులను నింపెను. బాలుర మనస్సు కారులమీదికి పోయినదని గ్రహించి, అతని కార్ఖానా వారు మెకానో భాగములతో మోటారు చాసిస్ కట్టు విధమును 1928లో ప్రత్యేక పత్రముగా ప్రకటించిరి. దానిలో గేరుపెట్టె, క్లచ్చి, చుక్కాని చక్రము, డిఫరెన్షియల్ మొదలైనవన్నియు నిజమైన కారులో వలెనే పనిచేయును. ఈ డిఫరెన్షియల్ అనగా నేమో మా చదువరులలో చిన్నవారికి ఒకింత వివరింతుము.

కారు మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము పెద్ద వలయమున, లోపలి చక్రము చిన్న వలయమున పోవలెను. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు గట్టిగా బిగింపబడియున్న యెడల, వానిలో ఒకటి నేలమీద జారక తప్పదు. టైరు అరిగి, బండి అదుపు తప్పును. కాబట్టి ఆ ఇరుసును నడుమ రెండుగా ఖండించి, ఆ రెండు కొనల నడుమ చిన్న పళ్ళచక్రములను ఒక చట్రమున అమర్చుదురు. తిన్నని దారిలో చట్రమంతయు ఒక్కటిగా తిరుగును. మలుపులో ఆ చిన్న చక్రములు తమలో తాము దొర్లి, లోపలి చక్రమునకు తగ్గిన వేగమును వెలుపలి చక్రమునకు చేర్చును. దీనిని మేము చదివినప్పుడు సగమే బోధపడినది. చేతితో త్రిప్పి చూచినచో చిన్న బాలునికైనను నిమిషములో బోధపడును. ఒక ప్రక్క చక్రమును పట్టుకొని నిలిపినయెడల, రెండవది రెట్టింపు వేగమున తిరుగుట వాడు కన్నులార చూచును. బొమ్మకారు కట్టుటలోని విద్య ఇట్టిది.

కట్టు కారులతో పాటు పోత కారులును వచ్చెను. బొమ్మ రైలుకు ప్రక్కన రోడ్డుమీద నిలుపుటకై 1933 చివర మోడల్డ్ మినియేచర్స్ అను పేరున చిన్న వాహనములను కార్ఖానా వారు విడుదల చేసిరి. 1934లో వీనికి డింకీ టాయ్స్ అను పేరు వచ్చెను. ఇంగ్లండులో ఆ తరగతి బొమ్మ రైళ్ళకు నిజవస్తువులోని ఒక అడుగునకు 7 మిల్లీమీటర్లు కొలత. అనగా నిజమైనదానిలో ఇంచుమించు 43వ వంతు. 14 అడుగుల కారు ఈ లెక్కను 98 మిల్లీమీటర్లు, అనగా నాలుగు అంగుళములకు కొంచెము తక్కువ యగును. తొలి డింకీ కారులు ఈ కొలతను కచ్చితముగా పాటింపకున్నను, రైలు బొమ్మలనుండి వచ్చిన ఆ 43వ వంతు కొలతయే నేటికిని లోకమందు నమూనా కారులు సేకరించువారి ముఖ్యమైన కొలతలలో నొకటిగా నిలిచియున్నది. 1935లో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో, రోల్స్ రాయిస్, డైమ్లర్ కారుల ఆకారములు ఇట్లు అరచేతిలోనికి వచ్చెను. ఆ కాలపు నిజమైన కారులలో అనేకములు త్రుప్పు పట్టి పాత ఇనుములో కలిసిపోయినవి. వాని వంపులును, దీపముల తీరును నేటివారికి తెలుపుచున్న వస్తువులలో ఈ చిన్న బొమ్మలును చేరినవి.

అయితే ఈ బొమ్మలకును ఒక వ్యాధి కలదు. తుత్తునాగము ప్రధానముగా గల మిశ్రలోహమును కరగించి అచ్చులలో పోయునప్పుడు అందు లేశమాత్రము సీసము కలిసినను, కొన్ని యేండ్లకు ఆ లోహము ఉబ్బి, పగుళ్ళు బారి, పొడియైపోవును. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము పోసిన అనేక నమూనాలు ఈ విధముగా నశించెను. పైకి రంగు చక్కగా నున్నను లోపలి కల్మషము ఎన్నటికైన బయటపడునని ఈ బొమ్మలే మనకు చెప్పుచున్నవి. మిగిలినవానిని నేటి సేకర్తలు భద్రపరచి, పోయిన టైర్లను మార్చి, రంగులూడినవానికి ఓపికతో రంగులు వేయుచున్నారు. డింకీ పాత అచ్చులు కొన్ని తరువాతి కాలమున కలకత్తా నగరమునకు వచ్చి, అచ్చట నిక్కీ టాయ్స్ అను పేరున బొమ్మలుగా వెలువడెను. ఆ విధమున లివర్‌పూల్ గుమాస్తా గారి పని మన దేశపు పిల్లల చేతులకును అందినది.

ఈ ఆట ఎంతవరకు పోగలదో తెలుపుటకు ఒక్క నిదర్శనము చాలును. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున డగ్లస్ హార్ట్రీ అను ఆచార్యుడును, ఆర్థర్ పోర్టర్ అను అతని శిష్యుడును, కఠినమైన గణిత సమీకరణములను సాధించు యంత్రమును చాలవరకు మెకానో భాగములతోనే నిర్మించిరి. తన పిల్లలకై రేకు కత్తిరించిన తండ్రి ఈ ఫలమును ఊహించియుండడు.

హార్న్‌బీ యందు లోపము లేదని మేము చెప్పజాలము. అతని ప్రకటనలును, పత్రికయు, సంఘమును ప్రధానముగా బాలురనే పిలిచెను. బోల్టు బిగించుటకు బాలికల చేతులును తగునని ఆ కార్ఖానా ఆ దినములలో ఎంచలేదు. అతని ఇల్లాలు ఉపాధ్యాయురాలై యుండియు ఇట్లు జరుగుట మాకు వింతగా నున్నది. మన బాలికలు ఆ పొరపాటును తమ చేతులతోనే దిద్దగలరు.

1931లో అతడు లివర్‌పూల్ నందలి ఎవర్టన్ నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యుడై 1935 వరకు ఉండెను. 1936 సెప్టెంబరు 21వ తేదీని, తన 73వ యేట, లివర్‌పూల్ నందే కాలధర్మము నొందెను. మాగ్‌హల్ నందలి దేవాలయపు ఆవరణమున అతని సమాధి కలదు. కుమారుడు రోలండ్ కంపెనీ భారమును వహించెను. ఏ పిల్లవానికై మొదటి క్రేను చేయబడెనో, ఆ పిల్లవాడే ఆ కార్ఖానాకు అధ్యక్షుడయ్యెను. బిన్స్ రోడ్డు కార్ఖానా 1979లో మూతపడినను, రంధ్రముల బద్దలును చిన్న కారులును ఇండ్లలో నిలిచియున్నవి.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఏదైన వస్తువును విప్పి మరల బిగించుచున్నప్పుడు, పాఠము చదివెనా యని యడుగుడు. అది మీ ధర్మము. చదివియున్నయెడల ఒక అరగంట వాని ప్రక్కన కూర్చుండుడు. హార్న్‌బీ పరిశ్రమ అంతయు అట్టి సాయంకాలములనుండియే పుట్టినది. విద్యార్థులారా! కొనుటకు డబ్బు లేదని చింతింపకుడు. అట్టపెట్టె, దారపు ఉండ, తీగముక్క చాలును. ఒక కారును కొలిచి, దానిని 43వ వంతునకు తగ్గించి, అట్టతో చేసి చూడుడు. భిన్నములు, కొలతలు, ఓర్పు మూడును అందు నేర్తురు. మొదటిది వంకరగా వచ్చినచో పారవేయకుడు. విప్పి మరల కట్టుడు.