పిల్లల తోటను నాటిన ఫ్రోబెల్



ఒకటవ తరగతిలో చేరడానికి ముందు మీరు ఏ బడికి వెళ్లేవారో జ్ఞాపకం తెచ్చుకోండి. మన మలేసియాలో దానిని తాడికా అంటాము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో ఉన్న మీ మామయ్య పిల్లలూ అత్తయ్య పిల్లలూ ఎల్.కె.జి., యు.కె.జి. అంటారు. తాడికా అనే పేరులో దాగి ఉన్న మొదటి మలయ్ మాట తామన్. తామన్ అంటే తోట. ఎల్.కె.జి. అనే పేరులోని చివరి రెండు అక్షరాలు కిండర్‌గార్టెన్ అనే జర్మన్ మాటకు గుర్తులు. ఆ మాటకు అర్థం కూడా పిల్లల తోట అనే. బడికి తోట అని ఎవరు పేరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఆ మహనీయుని జీవితకథను తెలుసుకొందాము.

ఆయన పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. జర్మనీ దేశంలో, తురింగియా కొండల నడుమ ఉన్న ఓబర్‌వైస్‌బాఖ్ అనే పల్లెలో 1782 ఏప్రిల్ 21వ తేదీన జన్మించారు. తండ్రి క్రైస్తవ మతగురువు. తొమ్మిది నెలల పసివాడిగా ఉండగానే ఫ్రెడరిక్ తల్లిని పోగొట్టుకొన్నాడు. తండ్రికి తన విధులతోనే తీరిక ఉండేది కాదు. కొంతకాలానికి సవతితల్లి వచ్చింది. తనకు ఒక కుమారుడు కలిగిన తర్వాత ఆమె ఈ బాలుణ్ణి దూరం పెట్టింది. ఒడిలో కూర్చుండబెట్టుకొని పాట పాడేవారు లేరు. ఆడుకొనేందుకు తోడు లేదు. ఇంటిని ఆనుకొని ఉన్న తోటలోని పూలూ మొక్కలే అతనికి నేస్తాలయ్యాయి.

పది సంవత్సరాల ప్రాయంలో అతని అదృష్టం మారింది. మేనమామ అతనిని తన ఊరికి తీసుకొనిపోయి, ప్రేమతో పెంచి, బడిలో చేర్పించాడు. అక్కడ తోటి పిల్లలతో కలిసి చదువుకొనే భాగ్యం కలిగింది. పదిహేనవ యేట అడవుల పనిని నేర్చుకొనేందుకు ఒక అటవీ ఉద్యోగి వద్ద శిష్యుడిగా చేరాడు. ఆ గురువుకు తన పని బాగా వచ్చును గాని, నేర్పడం రాదు. అందువల్ల ఫ్రెడరిక్ తానే పుస్తకాలు చదివి, అడవిలో తిరిగి, మొక్కలను సేకరించి నేర్చుకొన్నాడు. ఆ తర్వాత యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే అక్కడ చేసిన అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు చెరలో ఉండవలసి వచ్చింది.

1805లో ఆయన భవన నిర్మాణవిద్య నేర్చుకొనే ఉద్దేశంతో ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి వెళ్లారు. అక్కడ ఒక పాఠశాలలో ఉపాధ్యాయ పదవి లభించింది. పిల్లల ఎదుట నిలబడగానే తన జీవితానికి తగిన పని ఇదేనని ఆయనకు తోచింది. ఇళ్లు కట్టే ఆలోచనను విడిచిపెట్టి, ఆనాడు యూరపు ఖండమంతటా పేరుపొందిన విద్యావేత్త పెస్టలోజీ దగ్గరకు స్విట్జర్లాండుకు వెళ్లారు. 1808 నుండి 1810 వరకు అక్కడే ఉండి ఆయన బోధనను పరిశీలించారు. పుస్తకంలోని మాటను వల్లె వేయించడానికి ముందు వస్తువును చూపాలని, తాకనివ్వాలని అక్కడ గ్రహించారు.

1816లో ఐదుగురు అన్నల కొడుకులతో ఒక చిన్న బడిని ప్రారంభించారు. మరుసటి యేడు ఆ బడి కైల్‌హౌ అనే పల్లెకు మారింది. సైన్యంలో తనకు స్నేహితులైన మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు ఆయనకు అండగా నిలిచారు. బడి నడపడానికి ధనం చాలక ఎన్నో కష్టాలు పడ్డారు. తన విద్యా సిద్ధాంతాలను వివరిస్తూ 1826లో ఒక గొప్ప గ్రంథం ప్రచురించారు.

కాలం గడిచిన కొద్దీ ఒక సంగతి ఆయన మనస్సును తొలిచింది. బడిలో చేరే వయస్సుకు ముందే బిడ్డ చూడడం, వినడం, మాట్లాడడం, నలుగురితో మెలగడం నేర్చుకొంటుంది. అంతటి విలువైన ఆ సంవత్సరాలను ఎవరూ పట్టించుకోవడం లేదు. తల్లి ఒడి ఎరుగని తన బాల్యాన్ని ఆయన మరువలేదు. అందుచేత 55 సంవత్సరాల వయస్సులో, 1837లో, బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊరిలో పసిపిల్లల ఆటపాటల కోసం ఒక సంస్థను స్థాపించారు. దానికి తగిన పేరు చాలాకాలం దొరకలేదు. ఒకనాడు మిత్రులతో కలిసి కొండదారిన నడుస్తూ, దిగువన తోటవలె పరచుకొని ఉన్న లోయను చూసినప్పుడు పిల్లల తోట అనే పేరు ఆయనకు స్ఫురించిందని చెబుతారు. 1840 జూన్ 28వ తేదీన ఆ పేరు లోకానికి ప్రకటింపబడింది.

మీరు ఆనాటి పిల్లల తోటలో అడుగు పెట్టినట్లు ఊహించుకోండి. మొదట మీ చేతికి ఉన్నిదారంతో అల్లిన మెత్తని బంతి ఇస్తారు. అటువంటి బంతులు ఆరు రంగులలో ఆరు ఉంటాయి. వాటిని ఫ్రోబెల్ కానుకలు అన్నారు. రెండవ కానుకలో కొయ్యతో చేసిన గోళం, ఘనం, స్తూపం ఉంటాయి. గోళం దొర్లుతుంది. ఘనం కదలక నిలబడుతుంది. స్తూపం నిలబెడితే నిలుస్తుంది, పడుకోబెడితే దొర్లుతుంది. ఈ భేదాన్ని ఎవరూ మీకు చెప్పరు. మీ చేతులే కనుగొంటాయి. మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. వాటితో కుర్చీ కట్టవచ్చు, మెట్లు కట్టవచ్చు, బావి కట్టవచ్చు. అయితే ఒక్క ముక్కనైనా పక్కన పడవేయరాదు. అన్నింటికీ చోటు చూపాలి. ఆట ముగిసిన తర్వాత వాటిని తిరిగి ఒకే ఘనంగా పేర్చి పెట్టెలో ఉంచాలి. ఇవి గాక, కాగితం మడవడం, చాప అల్లినట్లు రంగు కాగితపు పట్టీలను అల్లడం, బంకమట్టితో బొమ్మలు చేయడం కూడా ఉండేవి.

తర్వాత అందరూ చేతులు పట్టుకొని వలయంగా నిలిచి పాడుతూ ఆడతారు. వలయంలో మొదటివాడూ లేడు, చివరివాడూ లేడు. ఒక్కరు చేయి వదిలినా వలయం తెగిపోతుంది.

ఆ పిల్లల తోటలో నిజమైన తోట కూడా ఉండేది. ప్రతి బిడ్డకూ తనదైన ఒక చిన్న మడి. అందులో తనకు నచ్చిన విత్తనం తానే నాటి, తానే నీరు పోయాలి. నీరు పోయడం మరచిపోతే మొక్క వాడిపోతుంది, ఆ సంగతి కంటికి కనబడుతుంది. ఈ చిన్న మడుల చుట్టూ అందరికీ ఉమ్మడిగా కొన్ని మడులు ఉండేవి. వాటిలో పూలనూ కూరగాయలనూ అందరూ కలిసి పెంచాలి. తన పనిని తాను చేసుకోవడం, నలుగురి పనిలో పాలు పంచుకోవడం అనే రెండింటినీ ఆ మట్టిలోనే నేర్పాలని ఫ్రోబెల్ సంకల్పించారు.

ఈ పనికి ఆయన యువతులను ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దారు. స్త్రీలకు ఉద్యోగాలు అరుదైన ఆ కాలంలో అది సాహసమే. ముసలివాడు పల్లెలో పిల్లలతో గంతులు వేస్తున్నాడని నవ్వినవారూ ఉన్నారు. ఆయన లెక్క చేయలేదు.

అంతలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1848లో జర్మన్ రాజ్యాలలో ప్రజలు తిరగబడిన తర్వాత ప్రభువులు ప్రతి కొత్త ఆలోచననూ అనుమానంతో చూడసాగారు. ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ వ్రాసిన ఒక పుస్తకాన్ని ఫ్రోబెల్ ఆలోచనలతో ముడిపెట్టి, 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో పిల్లల తోటలను నిషేధించింది. అవి పసివారికి దైవభక్తి లేకుండా చేస్తాయని నింద మోపింది. పొరపాటు జరిగిందని 69 ఏళ్ల ఆ వృద్ధుడు ఎంత మొర పెట్టుకొన్నా ఆలకించలేదు. 1852 జూన్ 21వ తేదీన ఫ్రోబెల్ కన్నుమూశారు. నిషేధం తొలగిన సంవత్సరం 1860. ఆ శుభవార్త వినే భాగ్యం ఆయనకు కలగలేదు.

కాని ఆయన నాటిన విత్తనం అప్పటికే సరిహద్దులు దాటింది. ఆయన శిష్యురాలు బెర్తా అనే జమీందారిణి దేశదేశాలు తిరిగి ఆ విద్యను వ్యాపింపజేసింది. జర్మనీ నుండి అమెరికాకు వలస వెళ్లిన మార్గరెట్ షూర్జ్ అనే తల్లి 1856లో వాటర్‌టౌన్ అనే ఊరిలో తన కూతురినీ ఇరుగుపొరుగు పిల్లలనూ చేరదీసి పిల్లల తోటను పెట్టింది. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్ అదే. అక్కడ పిల్లలు ఆడిపాడిన భాష వారి మాతృభాష అయిన జర్మన్. ఈ సంగతిని మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మన తాతముత్తాతలలో అనేకులు ఈ దేశపు తోటలలో పని చేయడానికి సముద్రం దాటి వచ్చినవారే. వారు కూడా పిల్లలను కూర్చుండబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించారు. పరాయి నేల మీద తల్లిభాషను కాపాడుకోవాలనే తపన ఏ జాతికైనా ఒక్కటే.

ష్వైనా అనే ఊరిలో ఫ్రోబెల్ సమాధి ఉన్నది. దాని మీద ఘనం, స్తూపం, గోళం ఒకదానిపై ఒకటి నిలిపి ఉన్నాయి. పసివారి ఆటవస్తువులే ఆయనకు స్మారకచిహ్నాలైనాయి.

బాలబాలికలారా! మీ ఇంట చిన్న తమ్ముడో చెల్లెలో చెక్కముక్కలు పేర్చుకొంటూ కూర్చున్నప్పుడు, ఊరకే ఆడుతున్నారని విసుక్కొనకండి. పక్కన కూర్చొని తోడుగా ఆడండి. మన బడి ఆవరణలో కూడా మీ గురువుల అనుమతితో ఒక ఉమ్మడి మడి వేసుకొనండి. బెండ గింజలో, బంతి గింజలో నాటండి. రోజుకొకరు నీరు పోయండి. తల్లి లేని ఒక పిల్లవాడు పెద్దవాడై లోకంలోని పిల్లలందరికీ ఇచ్చిన కానుక ఎంత గొప్పదో, మొలక కనబడిననాడు మీకే తెలుస్తుంది.