గ్రంథాలకు తిరిగి ప్రాణం పోసిన పండితుడు: మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ)

 

దైవప్రవక్త (సఅసం)పై అవతరించిన తొలి దివ్యవాణి చదవమనే ఆజ్ఞతోనే మొదలైంది. కలం ద్వారా మానవునికి నేర్పిన ప్రభువు ప్రస్తావన కూడా అందులోనే ఉంది. ఆ ఆజ్ఞను శిరసావహించిన సముదాయం రెండు శతాబ్దాలు తిరిగేసరికి ప్రపంచానికి గురుస్థానంలో నిలిచింది. బాగ్దాద్‌లో ఖలీఫా మామూన్ (813–833) కాలంలో గ్రీకు, సురియానీ భాషల గ్రంథాలెన్నో అరబీలోకి వచ్చాయి. తర్వాత 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టోలెడో నగరంలో ఆ విద్యలే, ముస్లిం పండితులు వాటికి జోడించిన కొత్త పరిశోధనలతో సహా, అరబీ నుండి లాటిన్‌లోకి చేరాయి. ఇబ్నె సీనా వైద్యం, ఇబ్నె రుష్ద్ వ్యాఖ్యానాలు, ఇబ్నుల్ హైసమ్ కాంతిశాస్త్రం ఐరోపా పండితులకు పాఠాలయ్యాయి. ఐరోపా చరిత్రలో సాంస్కృతిక పునరుజ్జీవనం అని చెప్పుకునే మహా పరిణామానికి దారితీసిన కారణాలలో ఇదీ ఒకటి.

ఈ గాథను మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ మనం తరచుగా వేసుకోని ప్రశ్న ఒకటుంది. ఇతరులకు వెలుగునిచ్చిన ఆ గ్రంథాలు కాలక్రమంలో మన చేతుల్లో నుండే జారిపోయినప్పుడు, వాటిని దుమ్ములో నుండి తిరిగి పైకి తీసినవారెవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కైరో, ఇస్తాంబుల్‌ల దాకా వెళ్లే ముందు మన హైదరాబాద్ వైపు చూడాలి. అక్కడ ఈ పనికి పునాది వేసిన వారిలో షేఖుల్ ఇస్లాం మౌలానా ముహమ్మద్ అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ) ప్రముఖులు. ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

జననం, విద్యాభ్యాసం

మౌలానా వారు హిజ్రీ 1264 (క్రీ.శ. 1848)లో నేటి మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో జన్మించారు. అప్పట్లో అది నిజాం రాజ్యంలోని ప్రాంతం. తండ్రి ఖాజీ షుజావుద్దీన్ గారు న్యాయపీఠాన్ని అలంకరించిన ధర్మపండితులు. వీరి వంశక్రమం హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) వరకు చేరుతుంది కాబట్టి ఫారూఖీ అనే పేరు వచ్చింది.

బాల్యంలోనే, 11 ఏళ్ల వయసుకల్లా దివ్య ఖుర్‌ఆన్‌ను కంఠస్థం చేశారు. తర్వాత లక్నోలోని ప్రసిద్ధ ఫిరంగీ మహల్ పండిత కుటుంబానికి చెందిన మౌలానా అబ్దుల్ హలీమ్, ఆయన కుమారుడు మౌలానా అబ్దుల్ హయ్ గార్ల వద్ద ఫిఖహ్, తర్కం మొదలైన విద్యలు నేర్చుకున్నారు. హదీసు, తఫ్సీర్ విద్యలను షేఖ్ అబ్దుల్లాహ్ యమనీ వద్ద అభ్యసించారు. ఒకరు లక్నో సంప్రదాయం, మరొకరు యమన్ సంప్రదాయం. ఈ రెండు ధారలూ దక్కన్ గడ్డ మీద ఒక విద్యార్థిలో కలిశాయి.

వడ్డీ కాగితం ముందు ఆగిన కలం

చదువు ముగిశాక హిజ్రీ 1285లో మౌలానా వారికి ప్రభుత్వ రెవెన్యూ శాఖలో ఉద్యోగం దొరికింది. వచ్చిన దస్త్రాల సారాంశాన్ని రాసి పై అధికారులకు సమర్పించడం ఆయన పని. గౌరవమైన కొలువు, నెల నెలా జీతం, అప్పటికే పెళ్లయి సంసార బాధ్యత కూడా ఉంది. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు వడ్డీ వ్యవహారానికి సంబంధించిన దస్త్రం ఆయన బల్ల మీదికి వచ్చింది. దాని సారాంశం రాయాలి. వడ్డీ తినేవానితోపాటు దాని పత్రం రాసేవాణ్ణి కూడా దైవప్రవక్త (సఅసం) శపించారన్న హదీసు ఆయనకు తెలుసు. కలం కదలలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశారు.

ఆ రోజు ఆయన ఏదో ఒక సాకు చెప్పుకొని ఆ కాగితం రాసేసి ఉంటే బహుశా ఒక పెద్ద అధికారిగా పదవీ విరమణ పొంది ఉండేవారు. నేడు ఆయన పేరు మనకు తెలిసేది కాదు. ధర్మసమ్మతమైన సంపాదన కోసం మూసుకున్న ఒక తలుపుకు బదులుగా అల్లాహ్ ఎన్ని తలుపులు తెరిచాడో ఇక చూడండి.

జామియా నిజామియా స్థాపన

ఉద్యోగం వదిలిన మౌలానా వారు పాఠాలు చెప్పడం ప్రారంభించారు. హిజ్రీ 1292 జుల్‌హిజ్జా మాసంలో, అంటే 1876 జనవరిలో, తోటి పండితుల సహకారంతో మదరసా నిజామియాను స్థాపించారు. అదే నేటి జామియా నిజామియా. దేశంలోని ప్రాచీన ధార్మిక విద్యాలయాల్లో ఒకటిగా హైదరాబాద్ షిబ్లీ గంజ్‌లో నేటికీ కొనసాగుతోంది.

హిజ్రీ 1294లో హజ్ యాత్రకు వెళ్లినప్పుడు మక్కాలో హాజీ ఇమ్దాదుల్లాహ్ ముహాజిర్ మక్కీ (రహ్మ) చేతిపై బైఅత్ చేసి, వారి నుండి ఖిలాఫత్ పొందారు. తిరిగి వచ్చాక ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు గురువుగా నియమితులయ్యారు. తర్వాతి కాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు కూడా చదువు చెప్పారు. వడ్డీ కాగితం రాయనని కొలువు వదిలిన మనిషిని రాజకుటుంబమే పిలిచి గురువుగా గౌరవించింది.

మదీనాలో మూడేళ్లు

హిజ్రీ 1305లో మౌలానా వారు మళ్లీ హరమైన్ షరీఫైన్‌కు ప్రయాణమై, పవిత్ర మదీనాలో సుమారు మూడేళ్లు నివసించారు. ఆరాధనలో, గ్రంథ రచనలో గడుపుతూనే ఆయన మరో పని పెట్టుకున్నారు. మదీనా గ్రంథాలయాల్లో ఉన్న అరుదైన రాతప్రతులను చూసి, వాటికి నకళ్లు రాయించారు.

వాటిలో ముఖ్యమైనది కన్‌జుల్ ఉమ్మాల్. 46 వేలకు పైగా ఉల్లేఖనాలను అంశాలవారీగా కూర్చిన ఈ మహాగ్రంథ కర్త అలీ ముత్తఖీ (రహ్మ) మన దేశంలోని బుర్హాన్‌పూర్‌కు చెందినవారే. మక్కాకు వలసవెళ్లి 1567లో అక్కడే కన్నుమూశారు. మూడు శతాబ్దాల తర్వాత ఆయన గ్రంథం నకలు రూపంలో మళ్లీ హిందూస్తాన్‌కు చేరింది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఉల్లేఖనాల సంకలనం జామిఉల్ మసానీద్, సుననె బైహఖీపై రాసిన అల్ జౌహరున్నఖీ కూడా ఆయన నకలు చేయించిన వాటిలో ఉన్నాయి.

దాయిరతుల్ మఆరిఫ్

ఒక్క నకలు ఉన్న పుస్తకం ఒక్క నిప్పురవ్వకు, ఒక్క చెదపుట్టకు బలైపోతుంది. అచ్చయితే వేల చోట్ల బ్రతుకుతుంది. ఈ ఉద్దేశంతో 1888లో హైదరాబాద్‌లో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఏర్పడింది. దీని స్థాపనలో మౌలానా వారితోపాటు ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ గార్లు భాగస్వాములు. ఒకరు ధర్మపండితులు, తక్కిన ఇద్దరు ప్రభుత్వంలో పనిచేసిన విద్యాధికులు. 1891లో ప్రారంభమైన ఆసఫియా గ్రంథాలయం వెనుక కూడా ఈ తరం వారి కృషే ఉంది.

హిజ్రీ 1312లో కన్‌జుల్ ఉమ్మాల్ అచ్చు మొదలై 8 సంపుటాలుగా వెలువడింది. ఆ తర్వాత హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) రచించిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్ 12 సంపుటాలు, లిసానుల్ మీజాన్, హాకిమ్ గారి ముస్తద్రక్, 10 సంపుటాల బైహఖీ సుననె కుబ్రా ఒకటొకటిగా వెలుగు చూశాయి.

ఈ పని ఎంత సున్నితమైనదో పాఠకులకు చెప్పాలి. అరబీలో చాలా అక్షరాల ఆకారం ఒకటే, చుక్కలే తేడా. చుక్కలు లేకుండా రాస్తే యజీద్ అనే పేరూ బురైద్ అనే పేరూ ఒకేలా కనిపిస్తాయి. రాతగాడు ఒక చుక్క మరిచిపోతే హదీసు చెప్పిన మనిషే మారిపోతాడు, నమ్మకస్తుని స్థానంలో బలహీనుడు వచ్చి కూర్చుంటాడు. అందుకే దాయిరాలోని పండితులు ఒకే గ్రంథపు వేర్వేరు రాతప్రతులను పక్కపక్కన పెట్టుకొని, పంక్తి పంక్తినీ పోల్చి, తేడాలను గుర్తించి, సరైన పాఠాన్ని తేల్చేవారు. యమన్ నుండి వచ్చిన ప్రసిద్ధ పండితుడు షేఖ్ అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ ఈ సంస్థలోనే పాతికేళ్ల పాటు ఈ దిద్దుబాటు పని చేశారు.

మౌలానా వారి తదనంతరం ఈ కృషి ధర్మవిద్యలను దాటి విస్తరించింది. ఇబ్నుల్ హైసమ్ కాంతిశాస్త్రంపై కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్యానం 1928–30 మధ్య, అల్ బిరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూన్ అల్ మస్‌ఊదీ 1954–56 మధ్య హైదరాబాద్‌లో అచ్చయ్యాయి. ఐరోపా లాటిన్‌లో చదువుకున్న విద్యను ముస్లింలు తమ అరబీలో తిరిగి అందుకున్నది ఇలాంటి ముద్రణల ద్వారానే. నేడు బేరూత్ ప్రచురణకర్తల పేరుతో మదరసాల బీరువాల్లో ఉన్న పెద్ద సంపుటాలలో కొన్ని హైదరాబాద్ ముద్రణకు యథాతథ ప్రతులే. మదరసాలో మేము వాటిని ముందు పెట్టుకొని చదువుకున్నవాళ్లమే. వాటి మూలం మన పక్కనే ఉందన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు.

ఇంటి భాషలో ధర్మం

మౌలానా వారి జీవితంలో గమనించదగ్గ మరో సంగతి ఉంది. అరబీ మూలాలను కాపాడటానికి ఇంత తపించిన వ్యక్తి తన సొంత రచనలు ఎక్కువగా ఉర్దూలో చేశారు. మఖాసిదుల్ ఇస్లాం 11 భాగాలు, హఖీఖతుల్ ఫిఖహ్, మదీనాలో రాసిన అన్వారె అహ్మదీ, ఖాదియానీ వాదానికి జవాబుగా రాసిన ఇఫాదతుల్ అఫ్హామ్ అందులో కొన్ని. మూలం పండితుల కోసం భద్రంగా ఉండాలి, దాని సారం ప్రజల ఇంటి భాషలో అందాలి. ఈ రెండింటినీ ఆయన వేరు చేయలేదు.

ఏడవ నిజాం కాలంలో ఆయన ధార్మిక వ్యవహారాల శాఖ బాధ్యతలు చేపట్టారు. ఫజీలత్ జంగ్ బిరుదు పొందారు. పదవులు వచ్చినా పాఠం చెప్పడం మానలేదు. హిజ్రీ 1336 (క్రీ.శ. 1918)లో పరమపదించారు. తాను స్థాపించిన జామియా ఆవరణలోనే ఖననం చేయబడ్డారు.

మన ముందున్న బాధ్యత

మన కడప, కర్నూలు ప్రాంతాలు కూడా 1800 వరకు నిజాం ఏలుబడిలోనే ఉండేవి. ఆంగ్లేయులకు అప్పగించాకే దత్త మండలాలయ్యాయి. పాలన మారినా ఇళ్లలో ఉర్దూ, మదరసాల్లో అరబీ, ఫార్సీ నిలిచాయి. అందుకే వేంపల్లె లాంటి ఊళ్లలో కూడా పాత ఇళ్ల అటకల మీద, మస్జిదు అల్మారాల్లో తాతల నాటి కితాబులు నేటికీ కనిపిస్తాయి. కొన్ని అచ్చు పుస్తకాలు, కొన్ని చేతిరాతలు.

కానీ వాటిని చదివేవారు తగ్గిపోతున్నారు. మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదువుతున్నారు. ఇడుపులపాయకు వెళ్లి ఇంజనీర్లవుతున్నారు, ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఉర్దూ లిపి రాని ఇంట్లో తాతగారి కితాబు అర్థం కాని కాగితాల కట్టగా మిగులుతుంది. ఇల్లు బాగు చేయించేటప్పుడు, అరబీ అక్షరాలు ఉన్నాయన్న గౌరవంతోనే, చిరిగిన ముస్‌హఫ్ పుటలతోపాటు వాటినీ మూటకట్టి బావిలోనో పాపాఘ్నిలోనో వదిలేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మూటలో మరెక్కడా నకలు లేని పుస్తకం ఒకటి ఉంటే అది శాశ్వతంగా పోయినట్టే.

కాబట్టి పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో, మీ మహల్లా మస్జిదులో పాత కితాబు కనిపిస్తే ముందుగా ఉర్దూ, ఫార్సీ తెలిసిన ఆలిముకు చూపించండి. చేతిరాత అయితే ప్రతి పుటనూ ఫోనులో ఫోటో తీయించి దాచండి. మౌలానా వారు మదీనాలో నెలల తరబడి రాతగాళ్లను పెట్టి చేయించిన పనిని నేడు ఒక మధ్యాహ్నంలో చేయవచ్చు. ఇంట్లో కనీసం ఒక బిడ్డకైనా ఉర్దూ లిపి నేర్పించండి. తెలుగులో ధర్మ గ్రంథాలు చదవడం చిన్నతనంగా భావించకండి. అనంతపురం కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాకపోయినా దివ్య ఖుర్‌ఆన్‌ను తెలుగు చేశారు. మన ధర్మాన్ని మన ఇంటి భాషలో చదవడానికి, రాయడానికి మనం వెనుకాడటం తగునా?

అల్లాహ్ మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ) సేవలను స్వీకరించుగాక! ఆయన సమాధిని కాంతితో నింపుగాక! ధర్మసమ్మతమైన సంపాదననూ, ప్రయోజనకరమైన విద్యనూ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.