ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్

నేడు చరవాణి చేత ఉన్నవారందరూ ఛాయాచిత్రకారులే. నూటయాభై ఏళ్ళ క్రితం ఒక్క చిత్రం తీయాలంటే బరువైన కెమెరా పెట్టె, ముక్కాలి పీట, గాజుపలకలు, రసాయనాల సీసాలు, చీకటి గుడారం వెంట మోసుకొనిపోవలసి వచ్చేది. అటువంటి రోజులలో ఈ విద్యను సాధించి, హైదరాబాదు నిజాం ఆస్థానంలో కీర్తి గడించినవారు రాజా దీనదయాళ్.

ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1866లో ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో చేరారు. కట్టడాలకు అంచనాలు వేయడం, పటాలు గీయడం ఆయన వృత్తి. 1874 ప్రాంతంలో కెమెరా చేపట్టినప్పుడు ఆ శిక్షణ వృథా కాలేదు. ఏ వేళ ఎండ ఏటవాలుగా పడితే శిల్పపు లోతు తేలుతుందో ఎరిగిన కన్ను ఆయన చిత్రాలలో కనబడుతుంది.

ఆనాడు తడిపలక పద్ధతి వాడుకలో ఉండేది. కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని గాజుపలకపై సమంగా పరచి, చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే పలకను కెమెరాలో అమర్చి, కటకపు మూత తీసి, క్షణాలు లెక్కించి తిరిగి మూయాలి. వెంటనే గుడారంలోకి పోయి రసాయనాలతో బొమ్మను తేల్చాలి. పది పదిహేను నిమిషాలలో ఇదంతా ముగియాలి. మన ఎండలకు ఆ వ్యవధి కూడా దక్కేది కాదు. పైగా కటకం గుండా వచ్చిన దృశ్యం వెనుకనున్న గరుకు గాజుపై తలక్రిందులుగా కనిపించేది. పలకపై వెలుగునీడలు తారుమారై ఉంటాయి. కోడిగుడ్డు తెల్లసొన, వెండి లవణాలు పూసిన కాగితాన్ని దానికి ఆనించి ఎండలో ఉంచితే అసలు చిత్రం వెలువడేది. 1880ల నాటికి ముందే సిద్ధంచేసిన పొడిపలకలు రావడంతో ఈ తొందర తీరింది.

హెన్రీ డేలీ వంటి అధికారుల ప్రోత్సాహంతో దీనదయాళ్ మధ్యభారతంలోని ప్రాచీన కట్టడాలను చిత్రించారు. 1880ల మధ్యలో సెలవు పెట్టి, తరువాత ఉద్యోగాన్నే విడిచారు. నలభై ఏళ్ళు దాటిన గృహస్థు సర్కారు కొలువును వదలుకోవడం సామాన్యమైన తెగింపు కాదు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించారు. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. రాజభవనాలు, విందులు, వేటలే కాక కరువు సహాయక పనులు కూడా ఆయన కెమెరాకెక్కాయి. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చోరు గనుక, 1892లో వారికై ప్రత్యేకంగా ఒక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. నిజాం ఆయనకు 'రాజా', 'ముసవ్విర్ జంగ్' బిరుదులిచ్చారు. 'ముసవ్విర్' అనగా చిత్రకారుడు. 1896లో బొంబాయిలోను స్టూడియో తెరిచారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి గుర్తింపు కూడా లభించింది.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. ఆ మరుసటి సంవత్సరం జూలైలో దీనదయాళ్ కన్నుమూశారు. చేయి జారితే ముక్కలయ్యే ఆ గాజుపలకలను కుటుంబంవారు తరాలపాటు కాపాడారు. వాటిలో 2857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది.