గుడ్డపై సౌధములు కట్టిన శిల్పి

బిబియేనా యనునది ఇటలీలో ఒక చిన్న యూరి పేరు. అచ్చటినుండి వచ్చి బొలోన్యాలో స్థిరపడిన ఒక చిత్రకారుని కుటుంబమునకు అదియే ఇంటిపేరయ్యెను. (మనకును ఇది పరిపాటియే కదా!) ఆ చిత్రకారుని కుమారుడే ఫెర్డినాండో. ఇతడు పార్మాలో ఫర్నేసే ప్రభువుల కొలువున చేరి నాటకశాలలకు దృశ్యపటములు కల్పించెను.

అంతవరకు రంగస్థలముపై చిత్రించిన వీథియైనను మంటపమైనను సాధారణముగా నట్టనడుమ ఒక్క బిందువున కలిసెడిది. ప్రభువు పీఠమునుండి చూచినపుడే ఆ దృశ్యము చక్కగా కుదిరెడిది. ఫెర్డినాండో సౌధపు మూల ప్రేక్షకులవైపు వచ్చునట్లు దానిని ఏటవాలుగా త్రిప్పి నిలిపెను. గోడలు ఇరుప్రక్కలకు సాగి కనుమరుగగును. స్తంభముల అడుగుభాగమే కనబడును. వాని శిరస్సులెంత ఎత్తుననున్నవో ప్రేక్షకుడే ఊహించుకొనవలెను. చిన్నవేదిక అపారమైనట్లు తోచును. ప్రక్కన కూర్చున్న సామాన్యునికిని ఆ వైభవములో పాలు దక్కును. ఈ పద్ధతిని 1711లో పార్మాలో ప్రకటించిన వాస్తుగ్రంథమున అతడు శాస్త్రముగా వివరించెను.

1708లో బార్సిలోనాలో, తరువాత చక్రవర్తియైన ఆరవ చార్లెసు పెండ్లి వేడుకలకును, పిదప వియన్నాలో ఆతని ఆస్థానమునకును పనిచేసెను. ఇందరి కన్నులకు దూరములు చూపినవానికి ముదిమిలో చూపు దాదాపు పోయెను. 1743లో బొలోన్యాలోనే మరణించెను.

ఆ గుడ్డలు, కొయ్యచట్రములు ఏనాడో నశించినవి. కాగితముపై సిరాతో గీచిన చిత్రములు మాత్రము యూరపు, అమెరికాల సంగ్రహాలయములలో నిలిచియున్నవి. వానిలో తండ్రి గీచినవేవో, కుమారుడు జ్యుసెప్పీ గీచినవేవో తేల్చుట పండితులకే కష్టముగనున్నది.