విద్యాశాలా ద్వారము: శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారి జీవితము

గుత్తికిని అనంతపురమునకును నడుమ మా గార్లదిన్నె మీఁదుగాఁ బోవు రాజమార్గము ఉత్తరమున హైదరాబాదు సికిందరాబాదులకును, దక్షిణమున బెంగళూరునకును జేరును. మా సీమలోని కలిగినవారు తమ కుమారులను పేరుగన్న పాఠశాలలకుఁ బంపునది యీ త్రోవనే. సంవత్సరమున కించుమించుగా 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నీ మెట్టసీమలో, వేరుసెనగ పంట చేతికి వచ్చిన యేఁడు ఆ ధనము మొట్టమొదట బిడ్డల చదువునకే పోవును. అది తప్పని మేము చెప్పఁబోము. అయితే బడిని వెదకునపుడు మనము జీతమెంత యని యడుగుదుము, భవనములెట్టివని చూతుము, పరీక్షలలో నెందఱు గెలిచిరని విచారింతుము. ఆ బడి ద్వారము ఎవరికిఁ దెఱవఁబడి యున్నది, ఎవరికి మూయఁబడి యున్నది యని మాత్రము అడుగము. ఈ ప్రశ్నను నూఱేండ్లకుఁ బూర్వమే యడిగి, తన జీవితముతోనే దానికి బదులు చెప్పిన యొక తెలుఁగు ఉపాధ్యాయుని చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుఁడుగారు సైన్యమున సుబేదారు. సైనికుని కుటుంబమునకు ఒక యూరు లేదు. దండు పోయినచోటికి ఇల్లును పోవలెను. అందుచేత నీ బాలుని బాల్యము చాందా ప్రాంతమునను హైదరాబాదునను గడచెను. తెలుఁగునకుఁ దోడు ఉరుదూ పారసీకములతోడి పరిచయము అతనికి బాల్యముననే కలిగెను. పలుభాషలవారి నడుమఁ బెరిగిన పిల్లవాఁడు తన కులమునే లోకమని భ్రమింపఁడు. ఆ పాఠమును ఏ పుస్తకమును అతనికి నేర్పలేదు, దండువీథులే నేర్పినవి.

వారు పుట్టిన యా 1862వ సంవత్సరముననే సికిందరాబాదులో సోమసుందరము మొదలియారుగారు ఒక ఆంగ్ల దేశభాషా పాఠశాలను నెలకొల్పిరి. అది బాలురకై ప్రజల పూనికతోఁ బుట్టిన విద్యాశాల. తరువాత ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి పేరు దానికిఁ బెట్టఁబడి మహబూబు కాలేజియని ప్రసిద్ధి కెక్కెను. పేరు కాలేజి యైనను అది ఉన్నత పాఠశాలయే. స్వామి వివేకానందులు అమెరికాకుఁ బోవుటకు ముందు, 1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీని, ఈ పాఠశాలలోనే పెద్ద సభ నుద్దేశించి యుపన్యసించిరి. ఆ యుపన్యాసము జరిగిన యాఱేండ్లకు ఈ విద్యాశాలయే మన సుబేదారుగారి కుమారుని తన యధ్యక్షునిగా బిలుచుకొన్నది. కాని అంతకుముందు వారి మనస్సు రూపొందిన విధమును జెప్పవలసి యున్నది.

ఉన్నతవిద్యకై వేంకటరత్నముగారు చెన్నపట్టణము చేరి క్రైస్తవ కళాశాలలో విలియము మిల్లరు పండితుని శిష్యులైరి. ఆంగ్ల సాహిత్యమున వారు సంపాదించిన ప్రావీణ్యము దేశమంతట ఖ్యాతి గాంచినది. గురువు క్రైస్తవుఁడు, శిష్యుఁడు క్రైస్తవము స్వీకరింపలేదు. అయినను గురుభక్తి యావంతయుఁ దగ్గలేదు. మతము వేఱైనను మనుష్యుని గౌరవింపవచ్చునను సంగతిని వారు మిల్లరుగారి సన్నిధిని జూచి నేర్చిరి. రామమోహనరాయలు 1828లో స్థాపించిన బ్రహ్మసమాజము వారి హృదయము నాకర్షించినది ఆ కాలముననే. దేవుఁడొక్కఁడే, ఆయనకు మనుష్యులందఱును బిడ్డలే యను విశ్వాసము వారికి జిహ్వాగ్రమున నిలిచిన సిద్ధాంతము గాదు. బిడ్డలందఱును సమానులైనచో బడిలోని బల్లమీఁద వారికి వేఱువేఱు చోటులెట్లుండును? ఈ యొక్క తర్కమే వారి తక్కిన జీవితమునంతయు నడిపించినది.

యౌవనముననే వారికి భార్యావియోగము సంభవించెను. పునర్వివాహమునకు వయస్సును అవకాశమును ఉన్నను వారు దానిని దలపెట్టలేదు. తెల్లని వస్త్రములు ధరించి, బ్రహ్మచర్యదీక్షతో, శేషజీవితమును విద్యార్థులకును సంస్కారకార్యములకును అర్పించిరి. 1891లో మచిలీపట్టణమున వారారంభించిన సంఘపవిత్రతోద్యమము ఆ కాలపు గొప్పయిండ్లను గదల్చినది. వివాహములందును విందులందును భోగము మేజువాణీలు పెట్టించుట నాఁడు గొప్పతనమునకు గుర్తు. మేజువాణీకిఁ బోము, పెట్టింపము, మద్యము ముట్టమని యువకులచేత వారు ప్రతిజ్ఞలు చేయించిరి. ఈ విషయమున మేము నేఁడొక మాట చెప్పుట న్యాయము. ఆ యుద్యమము గొప్పయిండ్ల పురుషుల దురాచారమును ఖండించినది గాని, ఆ యాటపాటలే జీవనాధారముగాఁ గల స్త్రీల యభిప్రాయము నడిగినవారు మిక్కిలి తక్కువ. వారి కళయు వారి కూడును ఒక్కసారే పోయినవి. సంస్కర్తల సదుద్దేశము నంగీకరించుచునే యీ లోపమును గూడఁ జెప్పకున్నచో చరిత్రము పొగడ్త యగును.

మచిలీపట్టణమున రాబర్టు నోబిలుగారు 1843లో స్థాపించిన విద్యాశాల నోబిలు కళాశాలగా వర్ధిల్లుచుండెను. వేంకటరత్నముగారు అందు అధ్యాపకులుగా నుండిన కాలమున వారి ప్రభావమునకు లోనైన యువకులలో ముట్నూరి కృష్ణారావుగారును భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును గలరు. ఈ యిరువురును కోపల్లె హనుమంతరావుగారితోఁ గూడి 1910లో మచిలీపట్టణముననే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. ప్రభుత్వపు చదువునకు లోఁబడని స్వతంత్రవిద్య వారి యాశయము. గురువు ఆంగ్లవిద్యయందు విశ్వాసము గలవాఁడు, రాజకీయములందు మితవాది, తరువాతి కాలమున ప్రభుత్వమువారి సర్ బిరుదమును స్వీకరించినవాఁడు. శిష్యులు పట్టినది వేఱు త్రోవ. అయినను బడి యనునది ధనార్జనకు మెట్టు గాదు, శీలమునకుఁ బుట్టినిల్లు అను పట్టుదల వారికిఁ గలిగినది యీ గురువు తరగతిలోనే యని మేము తలఁతుము.

1899లో వేంకటరత్నముగారు మహబూబు కాలేజి యధ్యక్షులై సికిందరాబాదు చేరిరి. బాల్యమున సుబేదారు కొడుకుగాఁ దిరిగిన దక్కను నేలకు నడివయస్సున ఆచార్యులై మరలి వచ్చిరి. సికిందరాబాదు నాఁడు ఆంగ్లేయుల దండు నిలిచిన పట్టణము. తెలుఁగువారు, అఱవలు, మహారాష్ట్రులు, మహమ్మదీయులు, పారసీలు పక్కపక్కనే కాపురముండిరి. వర్తకుల పుత్రులు, ఉద్యోగుల పుత్రులు బడికి వచ్చువారు. ఇట్టి పాఠశాలకుఁ బేరు తెచ్చుట సులభము. పెద్దయింటి బాలురను బోగుచేసి, పరీక్షలలో నెగ్గించి, ఏటేట సభ జరిపిన చాలును. మంచి బాలురను జేయుట కష్టము. దాతల యనుగ్రహముపై నిలుచు ప్రైవేటు విద్యాశాలలో అధ్యక్షుఁడు ఎవరి కొడుకునైనను దండింపవలసినపుడు చేయి వణఁకుట లోకసహజము. వేంకటరత్నముగారి యిల్లు నిరాడంబరము, అవసరములు స్వల్పము. కావున నాయన కెవరి మొగము చూడవలసిన పనియు లేకపోయెను. ఉపాధ్యాయుని స్వాతంత్ర్యమునకు మూలము అతని మితజీవనమే యని యీ చరిత్రము మనకుఁ దెలుపుచున్నది. 1904 వఱకు వారచ్చటఁ బనిచేసిరి.

పిదప కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాల వారిని జేరఁదీసెను. 1884లో ద్వితీయశ్రేణి కళాశాలయైన యా విద్యాలయమును వారు 1919 వఱకు అధ్యక్షులై నడిపిరి. వారి పేరు ఆంధ్రదేశమున నిలిచిపోయినది యీ కాలమున చేసిన పనిచేతనే. పురుషులకే యేర్పడిన యా కళాశాలలో వారు బాలికలను జేర్చుకొని బాలురతోఁ బాటు కూర్చుండఁబెట్టిరి. పంచములని నాఁడు పిలువఁబడిన కులముల విద్యార్థులకును ద్వారము తెఱచిరి.

ఈ రెండు పనులును నేఁడు మనకు సామాన్యముగాఁ దోఁచును. ఆ దినములలో ఇవి యెట్టివో గ్రహింపవలెనన్నచో చదువరి తనను దా నొక్క నిమిషము ఆ కాలపు తండ్రిగా భావించుకొనవలెను. గ్రామమున ఏ బావి గట్టును మాలమాదిగలు త్రొక్కరాదో, ఆ బావి నీళ్ళు త్రాగి పెరిగిన బాలుఁడు కాకినాడలో వారి పిల్లవాని ప్రక్కఁ గూర్చుండి చదువవలెను. ఇంటికి వచ్చిన కొడుకును ముట్టుకొనుటయా, స్నానము చేయించుటయా యని తల్లిదండ్రులు గుంజాటనపడు కాలమది. కళాశాలను రాజావారు పోషించుచున్నారు. చుట్టును జమీందారులు, అగ్రహారీకులు. ఇట్టిచోట అధ్యక్షుఁడు కొంచెము నెమ్మదిగాఁ బోయినను లోకము తప్పుపట్టి యుండదు. అందఱును సమ్మతించిన పిమ్మట ద్వారము తెఱతమని చెప్పుట యెల్లకాలములందును గౌరవమైన మార్గమే. వేంకటరత్నముగారు ద్వారము తెఱచి, సమ్మతి వెనుకనుండి రానిమ్మని వేచిరి.

వారి జీతములో నధికభాగము బీదవిద్యార్థుల కూటికిని పుస్తకములకును పోయెడిది. వారి యింట ఎప్పుడును కొందఱు విద్యార్థులు ఉండి చదువుకొనుచుండిరి. పిఠాపురము మహారాజు శ్రీ సూర్యారాయ బహద్దరుగారు వారికి శిష్యప్రాయులు. రాజు ధనమును ఆచార్యుని సంకల్పమును గలసి కాకినాడలో అనాథశరణాలయమును, బ్రహ్మసమాజ మందిరమును వెలసినవి. తల్లిదండ్రులు లేని బిడ్డల కులమేదని యడుగక యన్నము పెట్టిన యా శరణాలయము, కళాశాల ద్వారమునకు ముందున్న మొదటి వాకిలి వంటిది. ఆకలిగొన్న బాలునకు బడి ద్వారము తెఱచియుంచిన నేమి లాభము? ముందు పట్టెఁడన్నము, తరువాత పలక. ఈ క్రమమును వారు చక్కఁగా నెఱుఁగుదురు.

ఉదారవిద్యకుఁ బరీక్ష యొకటి గలదు. ఆ బడిలోఁ జదివిన శిష్యుఁడు గురువునకే యెదురు చెప్పఁగలఁడా? కాకినాడలో వారి నీడను జదివినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు గలరు. గుడిపాటి వెంకటచలముగారు గలరు. బ్రహ్మసమాజపు గాలి వీరిరువురికిని సోఁకినది. ఒకరు ఆ యారాధనాభావమును మధురమైన పద్యములుగా మలచిరి. రెండవవారు గురువు ప్రాణముగాఁ జూచుకొన్న నీతినియమములనే నిలఁదీసి, స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి దేశము నదరఁగొట్టు కథలు వ్రాసిరి. గురువు తెల్లని దుస్తులకును శిష్యుని కథలకును పొత్తు గుదురదని కొందఱందురు. మేమట్లు తలఁపము. బాలికలను దరగతిలోఁ గూర్చుండఁబెట్టి, స్త్రీకిని పురుషునివలెనే యాత్మ గలదని చాటిన గురువు విత్తిన బీజమే, ఆయన కోరని కొమ్మగా నచటఁ జిగిర్చినది. తన యచ్చులో అందఱును బోఁతపోసినట్లు శిష్యులను దయారుచేయునది ఉదార విద్యాశాల గాదు.

1925 మొదలు 1928 వఱకు వేంకటరత్నముగారు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ప్రజలు వారిని బ్రహ్మర్షి యనియు, కులపతి యనియు, ఆంధ్రదేశపు సోక్రటీసు అనియుఁ బిలిచిరి. 1939వ సంవత్సరము మే నెల 26వ తేదీని కాకినాడలో వారు పరమపదించిరి. విశ్వవిద్యాలయపు పీఠము నెక్కినను చివరి దినములు వారు తమ విద్యార్థుల యూరిలోనే గడపిరి.

ఇఁక మా సీమ మాట. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినది మొదలు ఉన్నతవిద్య మా గడపకుఁ జేరువయ్యెను. నేఁడు ప్రైవేటు పాఠశాలలు ఊరూరను గలవు. గోడలు తెలుపు, బండ్లు పసుపు, పేర్లు ఆంగ్లేయము. కాని వాని ద్వారమున నిలిచియున్న కావలివాఁడు కులముగాక పోయినను ధనమైనాఁడు. బీదవాని కొడుకు ఆ ద్వారము వఱకు వచ్చి జీతమెంతో విని మరలిపోవుచున్నాఁడు. మూయఁబడిన ద్వారము మూయఁబడినదే. గొళ్ళెమునకు బేరేదైన నేమి?

మా మండలమున పెనకచర్లయొద్దఁ బెన్నకు అడ్డముగా ఆనకట్ట గలదు. నీటిని నిలుపుట దాని సగము పని మాత్రమే. నిలిపిన నీటిని కాలువకు విడిచినపుడే దిగువ పొలములు పచ్చనగును. కఱవుసీమవారమైన మనకు ఇది యెవరును జెప్పనక్కఱలేదు. విద్యయు నంతే. కావున నీ చరిత్రము చదివిన పెద్దలు తమ కుమారుని బడిలోఁ జేర్పఁబోవు నాఁడు జీతమును గూర్చి యడిగిన పిమ్మట మఱి యొక ప్రశ్న యడుగుదురుగాక: ఈ బడిలో మా పాలేరు కొడుకు చదువవలెనన్నచోఁ జోటు గలదా? లేదన్న యుత్తరము వచ్చినచో, ఆ చోటునకు వలసిన జీతమును తామే చెల్లించి ఆ బాలుని గూడ వెంటఁబెట్టుకొని పోవుదురుగాక. ఇరువురును ఒక్క బల్లమీఁదఁ గూర్చుండుదురుగాక. వేంకటరత్నముగారికి శిలావిగ్రహముకంటె నీ బల్లయే తగిన స్మారకచిహ్నమని మా విశ్వాసము.