ఆరవ జార్జి రాజు – ఆయన నత్తి

మన యేటూరునాగారమున, అనగా గోదావరికి ఈవలి యొడ్డున, నిజాము ప్రభువువారి నాణెములు చెల్లిన దినములలో, ఆవలి యొడ్డుననున్న నూగూరు తాలూకా ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలో చేరియుండెను. అచ్చటి రూపాయిపై కిరీటము ధరించిన యొక ముఖము కనబడుచుండెడిది. అది ఆరవ జార్జి ముఖము. ఆయన చక్రవర్తియై యుండియు ఆ హోదాలో మన దేశమునకు ఒక్కమారైనను రాలేదు. 1943లో వంగదేశమును పాడుచేసిన కరువు ఆయన యేలుబడి కాలములోనిదే. కావున ఆ సామ్రాజ్యమును కొనియాడుటకు మేమీ వ్యాసమును వ్రాయుటలేదు. నోట మాట వచ్చుటకు ఆయన పడిన పాటు మన విద్యార్థులు తెలిసికొనదగినదని మాత్రమే వ్రాయుచున్నాము. లేచి చదువుమనగానే గొంతు పెగలని పిల్లలు ప్రతి సంవత్సరమును మా తరగతులలో నుందురు.

ఆయన 1895 డిసెంబరు 14వ తేదీన సాండ్రింగ్‌హాములో పుట్టెను. పెట్టిన పేరు ఆల్బర్టు. ఇంటివారు బర్టీ యని పిలిచెడివారు. తండ్రి అయిదవ జార్జి మిక్కిలి కఠినుడు. బాలునిది ఎడమచేతి వాటము కాగా, కుడిచేతనే వ్రాయవలెనని నిర్బంధించిరి. మోకాళ్లు వంకరగా నున్నవని కాళ్లకు బద్దలు కట్టిరి. ఎనిమిదవ యేటి ప్రాంతమున నత్తి బయలుపడెను. ఎడమచేయి మాన్పించుటయే దానికి కారణమని కొందరందురు. అది యెట్లున్నను, పిల్లవాని చేతిమీద కొట్టి వాటము మార్పింపబూనుట యే ఉపాధ్యాయునకును తగదని మా యభిప్రాయము.

ఆయనకు ‘క’కార ధ్వని మిక్కిలి కష్టము. రాజు, రాణి యను రెండు మాటలును ఆంగ్లమున ఆ ధ్వనితోనే మొదలగును గదా! ఓస్‌బర్న్ నౌకాపాఠశాలలో సగములో సగమెంతయని గణితోపాధ్యాయుడు అడుగగా, పావు అను అర్థమిచ్చు ‘క్వార్టర్’ అను మాట నోట రాక ఊరకుండెననియు, అది తెలియనితనముగా నెంచబడెననియు చెప్పుదురు. అచ్చట కడపటి పరీక్షలో అరువది యెనమండుగురిలో ఆయనది 68వ స్థానము. అయినను 1916లో జట్లండు సముద్రయుద్ధమున కాలింగ్‌వుడ్ ఓడమీద నుండి తన పని తాను నెరవేర్చెను.

1925 అక్టోబరు 31వ తేదీన వెంబ్లీ ప్రదర్శనము ముగింపు సభలో ఆయన ప్రసంగింపవలసివచ్చెను. మాటకును మాటకును నడుమ దీర్ఘమైన మౌనము. ఆ యవమానమును వేలకొలది జనులు చెవులార వినిరి. అంతకుముందే పలువురు వైద్యులు చూచి విడిచియుండిరి. ఇక వైద్యమే వలదని ఆయన నిరాశ చెందగా, 1923లో ఆయనను వివాహమాడిన ఎలిజబెతు బ్రతిమాలి, 1926 అక్టోబరులో ఆయనను లయొనెల్ లోగ్ అను నాతని యొద్దకు పంపెను.

లోగ్ ఆస్ట్రేలియా దేశస్థుడు, వైద్యపట్టము లేనివాడు. ఉచ్చారణ నేర్పుట ఆతని వృత్తి. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి మాట చెడిన సైనికులకు మరల మాటలాడుట నేర్పి అనుభవము గడించెను. గొంతును ఊపిరిని కూడగట్టుకొనుట తెలియకపోవుటయే రాకుమారుని లోపమని యెంచి, ప్రతిదినము ఒక గంట శ్వాసాభ్యాసము, స్వరాభ్యాసము చేయుమనెను. రాకుమారుడు పదునాలుగు నెలలలో 82 మారులు ఆతని యొద్దకు వెళ్లెను. నాలుక మాంద్యముగల మోషేకు మారుగా అహరోను మాటలాడెను. లోగ్ మాత్రము శిష్యునకు మారుగా మాటలాడలేదు, శిష్యునిచేతనే మాటలాడించెను. 1927 మే 9వ తేదీన కాన్‌బెర్రాలో పార్లమెంటు భవనమును తెరచినప్పుడు ఆయన తడబడక ప్రసంగించెను.

ఈ కథనే 2010లో ‘ది కింగ్స్ స్పీచ్’ అను చలనచిత్రముగా తీసిరి. కోలిన్ ఫర్త్ రాజుగా నటించెను. దానికి నాలుగు ఆస్కారు బహుమతులు వచ్చినవి. దానిని వ్రాసిన డేవిడ్ సైడ్లర్ బాల్యమున నత్తిగలవాడై ఈ రాజు రేడియో ప్రసంగములు విని ధైర్యము తెచ్చుకొనెను. చిత్రము చక్కనిదే. అయితే కథ రక్తికట్టుటకై, 1939 వరకు ఆయనకు మాట కుదరనట్లు చూపిరి. నిజమునకు గొప్ప మార్పు మొదటి యేడాదిలోనే వచ్చెను; తరువాతి కాలమంతయు దానిని నిలుపుకొనుటకైన శ్రమ. మా దృష్టిలో ఆ శ్రమయే చిత్రమునకు మించినది.

అన్న ఎనిమిదవ ఎడ్వర్డు 1936 డిసెంబరులో సింహాసనమును విడిచిపెట్టగా, కోరని కిరీటము ఈయన తలమీద పడెను. 1937 మే 12వ తేదీన పట్టాభిషేకము జరిగెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటింపబడిన సాయంకాలము రాజు దేశప్రజలతో రేడియోలో మాటలాడెను. కూర్చుండి చదువుచున్నట్లు పత్రికలలో ఛాయాచిత్రము వచ్చినను, ఆయన నిలువబడియే మాటలాడెడివాడు. ఊపిరి బాగుగా ఆడునని లోగ్ ఆ యేర్పాటు చేసెను. కష్టమైన మాటలను ముందే కొట్టివేసి వేరు మాటలు వ్రాసెడివాడు. ఏలయనగా నత్తి పూర్తిగా పోలేదు, ఎన్నడును పోలేదు. 1940 సెప్టెంబరులో రాజభవనముమీద బాంబులు పడినను ఆయన లండనును విడువలేదు. 1944 క్రిస్మసునాడు లోగ్ ప్రక్కన లేకుండ మొదటిసారిగా రేడియోలో ప్రసంగించెను. లోగ్ తన యింటనే వినెను.

పొగత్రాగుట ఆయనను కృశింపజేసెను. 1951 సెప్టెంబరులో ఎడమ ఊపిరితిత్తిని తీసివేసిరి. ఆ క్రిస్మసు సందేశమును ఏకధాటిగా చెప్పలేక, కొన్ని మాటలు పలికి ఆగి, మరల కొన్ని పలికి, ముందుగానే రికార్డు చేయించెను. 1952 ఫిబ్రవరి 6వ తేదీన, పుట్టిన సాండ్రింగ్‌హాములోనే, నిద్రలో కన్నుమూసెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన లోగ్ మరణించెను.